చేప పిల్లలో రక్తనాళం ఆగితే 'క్యాన్సర్ మందు' అనేయొచ్చా?

గాజుగిన్నె:
ఒక ఆకు నుంచి వేరుచేసిన పదార్థాన్ని జీబ్రాఫిష్ అనే చిన్న చేపల ఎంబ్రియోల (పిండాల) నీళ్లలో కలిపాం. 48 గంటలకల్లా వీపుదాకా ఎగబాకాల్సిన సన్న నాళాలు సగంలోనే ఆగాయి. నెత్తురు అందకపోతే కణితి పెరగదని అమెరికన్ సర్జన్ జూడా ఫోక్‌మన్ 1971లోనే అన్నారు కదా. పేపర్ టైటిల్లో 'యాంటీ క్యాన్సర్' పెట్టమంటున్నారు మా గైడు. పెట్టొచ్చంటారా?

చేపలతొట్టి:
పెట్టకండి. ముందు ఇది చెప్పండి, ఎంబ్రియో పొడవు కొలిచారా? మందు విషమై ఎదుగుదలే నెమ్మదించినా నాళాలు పొట్టిగానే కనిపిస్తాయి. నేనిలాగే బోల్తాపడ్డాను. ఆరు నెలలు మురిసిపోయాక ఎవరో మందు తగలని, ఇంకా తక్కువ వయసున్న ఎంబ్రియోని పక్కన పెట్టి చూడమన్నారు. కన్ను, తోక, నాళాలు అన్నీ అచ్చు దానిలాగే! నా మందు నాళాల్ని ఆపలేదు, మొత్తం పిండాన్నే వెనక్కి లాగింది.

గాజుగిన్నె:
గుండె చుట్టూ నీరు చేరలేదు, తోక వంకరపోలేదు. పొడవు మాత్రం... కొలవలేదండీ.

పచ్చనాళం:
అంత తేలిగ్గా తీసేయకండి. నాళాలు పచ్చగా మెరిసే చేపలు 2002 నుంచీ ఉన్నాయి, కోయకుండానే మైక్రోస్కోపు కింద కనిపిస్తాయి. 96 చిన్న గుంటలుండే ఒక ల్యాబ్ ప్లేటు, చిటికెడు పదార్థం చాలు. ఎలుకలకైతే ఎంత కావాలో తెలుసుగా? పైగా ఎస్‌యూ5416 అనే ప్రయోగాత్మక మందు చేపల్లో నాళాల్ని ఆపుతుందని 1999లోనే చూపించారు.

చేపలతొట్టి:
మిగతా సగం కూడా చెప్పండి మరి. అదే ఎస్‌యూ5416 పెద్దపేగు క్యాన్సర్ రోగుల మూడో దశ ట్రయల్‌లో 2002లో చతికిలబడింది.

పచ్చనాళం:
కొత్త నాళాల్ని ఆపే మందే అయిన అవాస్టిన్ నిలబడిందిగా! అదే క్యాన్సర్‌కి 2004లో అమెరికాలో అనుమతి వచ్చింది.

చేపలతొట్టి:
వచ్చింది, కాదనను. రొమ్ము క్యాన్సర్‌కి 2008లో ఇచ్చిన అనుమతిని మాత్రం 2011లో వెనక్కి తీసుకున్నారు. వందల పదార్థాల్లోంచి నాలుగు ఏరడానికి చేప బాగా పనికొస్తుంది. నా పేచీ టైటిల్‌తోనే.

వంటింటికిటికీ:
నాకు సైన్స్ రాదు. మా పిన్నికి కీమో నడుస్తోంది. ఇలాంటి వార్తే చదివి మా బాబాయి రోజూ పొద్దున్నే ఏదో ఆకు నూరి తాగిస్తున్నాడు. డాక్టరుకి చెప్పలేదట. మీరు పెట్టే టైటిల్ చివరికి చేరేది ఇక్కడికే.

పచ్చనాళం:
అమ్మా, ముందు ఆ సంగతి డాక్టరు చెవిన వేయండి. గాజుగిన్నె గారూ, రెండు రోజుల ఎంబ్రియోలో పచ్చసొన పక్కన మనిషి కణితి కణాలు గుచ్చి, పేగు కింది నాళాలు అటు సాగుతాయో లేదో చూడండి. అప్పుడు కణితి అనే మాటకి కాస్త ఆధారం ఉంటుంది.

గాజుగిన్నె:
రేపు మళ్లీ ప్లేటు వేస్తున్నాను, పోల్చడానికి మందు తగలని తక్కువ వయసు ఎంబ్రియోల్ని కూడా పెట్టి. గైడుకి వంటింటికిటికీ గారి పోస్టు చూపిస్తాను.