ఒకే ఇంట్లో మూడు తరాలకు కరోనా మూడు తీరులుగా ఎందుకు వచ్చింది?

ప్రశ్న:
వారం వ్యవధిలో మా ఇంట్లో నలుగురికీ కరోనా సోకింది. ఆరేళ్ల పాపకు ఒక్కరోజు జ్వరం వచ్చి తగ్గిపోయింది. నాకూ నా భార్యకూ ఒళ్లునొప్పులు, దగ్గు ఐదు రోజులు ఉండి, తరువాత వాసన తెలియకుండా పోయింది. డెబ్బై నాలుగేళ్ల నాన్నగారికి మాత్రం జ్వరమే రాలేదు; అయినా ఆసుపత్రిలో చేర్చి ఆక్సిజన్ పెట్టవలసి వచ్చింది. ఇంత తేడా ఎందుకు?

మొదటి జవాబు:
తేడా వైరస్‌లో కన్నా దానిని ఎదుర్కొనే శరీరంలోనే ఎక్కువగా ఉంటుంది. పిల్లల ముక్కు లోపలి పొరలోని కణాలు వైరస్ చేరిన వెంటనే ఇంటర్‌ఫెరాన్లు అనే, వైరస్‌ను అడ్డుకునే ప్రోటీన్ల ద్వారా చురుకుగా స్పందించి, అది ఊపిరితిత్తుల దాకా దిగకముందే చాలావరకు అదుపు చేస్తాయి. పెద్దవయసులో ఈ తొలి స్పందన మందగిస్తుంది. పైగా టి కణాలనే రోగనిరోధక కణాలు పరిపక్వమయ్యే, ఛాతీలోని థైమస్ గ్రంథి యుక్తవయసు నుంచే కుంచించుకుపోతూ వస్తుంది కనుక, మునుపెన్నడూ ఎరుగని వైరస్‌ను గుర్తించే కొత్త కణాలు వృద్ధులలో తక్కువగా తయారవుతాయి. మధుమేహం, గుండెజబ్బు వంటివి ఉంటే ప్రమాదం మరింత పెరుగుతుంది. టీకా దానిని గణనీయంగా తగ్గిస్తుంది.

రెండవ జవాబు:
జ్వరం రాలేదన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను. వృద్ధులలో కరోనా చాలాసార్లు జ్వరంతో కాక, తికమకపడటం, మగతగా ఉండటం, తూలి పడటం, ఆకలి చచ్చిపోవడం వంటి లక్షణాలతో మొదలవుతుంది. మా అమ్మ ఒక రాత్రంతా పొంతన లేకుండా మాట్లాడితే నిద్రలేమి అనుకున్నాం. తెల్లవారి ఆక్సిమీటర్ పెడితే రక్తంలో ఆక్సిజన్ 88 శాతం చూపింది, ఆమె మాత్రం ఆయాసం లేదనే అంటోంది. 94 కన్నా తగ్గుతోందంటే, మనిషి బాగానే ఉన్నానన్నా, వైద్యుని సంప్రదించాలి.

మూడవ జవాబు:
పాప విషయం అంతటితో ముగిసిందనుకోవద్దు. అరుదే కానీ, సోకిన రెండు నుంచి ఆరు వారాల తరువాత కొందరు పిల్లలలో అనేక అవయవాలు ఒకేసారి వాపుకు గురవుతాయి. మళ్లీ జ్వరం వచ్చి, దానితో పాటు కడుపునొప్పి, దద్దుర్లు, కళ్లు ఎర్రబడటం కనిపిస్తే ఆలస్యం చేయకండి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. నాన్నగారు రెండు రోజులు సరిగా భోజనం చేయకపోతే, పాప జ్వరం హడావుడిలో పడి మేము పట్టించుకోలేదు. పాపను ఆరు వారాల వరకు కనిపెట్టుకుని ఉంటాము.