వేపాకు వెండి నానోకణాలు: డిస్క్‌లో జోన్ వస్తోంది, బ్రాత్‌లో పనిచేయడం లేదు

ఎమ్మెస్సీ_మైక్రో (ప్రశ్న)
10 మి.లీ. వేపాకు కషాయాన్ని 90 మి.లీ. సిల్వర్ నైట్రేట్ (1 మిల్లీమోలార్)లో కలిపితే ముదురు గోధుమ రంగు వచ్చింది. యూవీ-విజిబుల్ (కాంతిని ఎంత పీల్చుకుంటుందో చూసే) పరీక్షలో పీక్ 435 నానోమీటర్ల దగ్గర. బాక్టీరియా పూసిన అగార్ పళ్లెంలో పెట్టిన 6 మి.మీ. కాగితపు డిస్క్ మీద 20 మైక్రోలీటర్లు వేస్తే ఈ.కోలైకి 11 మి.మీ. జోన్ (బాక్టీరియా పెరగని వలయం). అదే ద్రావణం ముల్లర్-హింటన్ బ్రాత్‌లో (బాక్టీరియా పెంచే ద్రవంలో) వేస్తే ప్లేటులోని బావులన్నీ (చిన్న గుంటలన్నీ) మసకగానే ఉంటున్నాయి. తర్వాత కైటోసాన్‌లో (రొయ్యల పెంకుల నుంచి తీసే పదార్థంలో) కలిపి నూలు గుడ్డకు పట్టించాలని ఉంది. తేడా ఎక్కడ? గుడ్డ చర్మానికి తగిలితే ఇబ్బందా?

నానో_ల్యాబ్
ముందు లెక్క చూడండి. మీ ద్రావణంలో లీటరుకు దాదాపు 97 మి.గ్రా. వెండి, అంటే డిస్క్ మీద పడేది 2 మైక్రోగ్రాములు. అగార్‌లో కణాలు సరిగా పాకవు, అయాన్లు పాకుతాయి. కాబట్టి ఆ జోన్ మిగిలిపోయిన సిల్వర్ నైట్రేట్‌ది కావచ్చు.

12,000 జి (భూమ్యాకర్షణకు 12,000 రెట్లు) వద్ద అరగంట సెంట్రిఫ్యూజ్ చేసి, తేట తీసేసి, డీఅయనైజ్డ్ నీటిలో మళ్లీ కలపండి. మూడుసార్లు. 10 నానోమీటర్ల లోపు కణాలు ఈ వేగానికి పూర్తిగా దిగవు, తేట పసుపుగా ఉంటే అదే కారణం కావచ్చు. మొదటి తేటలో ఉప్పునీటి చుక్క వేస్తే తెల్లగా మసకబారిందా, సిల్వర్ నైట్రేట్ మిగిలినట్టే. ఆ తేటకొక డిస్క్, ఉత్త కషాయానికొకటి, అంతే వెండి ఉన్న సిల్వర్ నైట్రేట్‌కొకటి పెట్టండి. ఇవి లేని జోన్ ఫొటోకు విలువ లేదు.

బ్రాత్ సంగతి: అందులోని క్లోరైడ్, ప్రోటీన్ల థయాల్ (గంధకం ఉన్న) గుంపులు వెండి అయాన్‌ను పట్టేస్తాయి. పైగా వెండి కణాలూ కషాయమూ కూడా మసకగా కనిపిస్తాయి, కంటితో చూసి తేల్చకండి. మి.లీ.కి 5 లక్షల సీఎఫ్‌యూ (పెరగగల బాక్టీరియా లెక్క)తో మొదలుపెట్టి, 18 గంటల తర్వాత ప్రతి బావి నుంచి 10 మైక్రోలీటర్లు అగార్ మీద చుక్క పెట్టి చూడండి. రెసజురిన్ (బతికిన బాక్టీరియా ఉంటే నీలం నుంచి గులాబీకి మారే రంగు) వాడితే బాక్టీరియా లేని బావి కూడా ఉండాలి, కషాయమే దాన్ని గులాబీ రంగుకు మార్చగలదు.

కోటింగ్_గురు
పై మాటకు ఒక చేర్పు. 2012లో రైస్ యూనివర్సిటీ వాళ్లు ఆక్సిజన్ లేకుండా పరీక్షిస్తే కణాలు ఈ.కోలైని చంపలేదు. గాలి తగిలి కణం ఆక్సీకరణ చెంది అయాన్ వదిలితేనే పని. నానోకాంపోజిట్ (నానోకణాలను వేరే పదార్థంలో పొదిగినది) లాభం అక్కడే, వెండిని కొద్దికొద్దిగా వదలడం. ఐఐటీ మద్రాస్ వాళ్లు వెండి నానోకణాలున్న అల్యూమినియం ఆక్సీహైడ్రాక్సైడ్-కైటోసాన్ పదార్థం (2013) నీటిలోకి లీటరుకు దాదాపు 40 మైక్రోగ్రాముల వెండి వదిలేలా చేశారు. భారత తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500లో వెండికి పరిమితి లీటరుకు 100 మైక్రోగ్రాములు.

గుడ్డకు డిస్క్ పరీక్ష వద్దు, ఐఎస్ఓ 20743 (గుడ్డల మీద బాక్టీరియా తగ్గుదలను కొలిచే ప్రమాణం) ప్రకారం లెక్కించండి. ఉతికిన నీళ్లను నైట్రిక్ ఆమ్లంతో జీర్ణం చేసి ఐసీపీ-ఎంఎస్ (అతి తక్కువ లోహాన్నీ కొలిచే యంత్రం)లో వెండి కొలవండి. చర్మ కణాల మీద ఎంటీటీ (బతికిన కణాలను రంగుతో కొలిచే పరీక్ష) చేస్తే వెండి నానోకణాలు ఆ రంగుతోనే తగువు పెట్టుకుంటాయి, చర్మ కణాలు లేని కంట్రోల్ తప్పదు. ఐఎస్ఓ 10993-5 (కణాలకు విషమా అని చూసే ప్రమాణం)లో బతికిన కణాలు 70 శాతం లోపు పడితే విషపూరితమే. పుండు మీద వాడేది వేరే దారి, దాన్ని ఈ ప్రాజెక్టులో కలపకండి. తాగే "కొల్లాయిడల్ సిల్వర్" జోలికి అసలు పోకండి, చర్మం నీలిబూడిద రంగుకు తిరిగితే మళ్లీ మామూలు రంగు రాదు.

ఎమ్మెస్సీ_మైక్రో
థాంక్స్ సార్. ఎక్స్‌ఆర్‌డీ (స్ఫటికాలను గుర్తించే ఎక్స్-రే పరీక్ష)లో వెండి పీక్ 38.1 డిగ్రీలతో పాటు 27.8, 32.2, 46.2 దగ్గర కూడా పీక్‌లున్నాయి. పొరపాటా?

నానో_ల్యాబ్
ఆ మూడూ సిల్వర్ క్లోరైడ్‌వి. ఆకులోనే క్లోరైడ్ ఉంటుంది, కుళాయి నీళ్లలో మరిగిస్తే ఇంకా పెరుగుతుంది. డీఅయనైజ్డ్ నీళ్లలో కషాయం తీయండి, అయినా ఉంటే రిపోర్టులో వెండి/సిల్వర్ క్లోరైడ్ అనే రాయండి. క్లోరైడ్‌ను కరిగించడానికి అమ్మోనియా వాడితే ఆ ద్రావణాన్ని నిల్వ ఉంచొద్దు, ఎండితే పేలే పదార్థం ఏర్పడుతుంది. వెంటనే పలచని నైట్రిక్ ఆమ్లం కలిపి, ఉప్పు వేసి వెండిని దింపి, వ్యర్థాల సీసాలో పోయండి.