జేబులో చాకు, పిడిలో శ్రావణం

మొన్న మన గ్రూపులో ఒకరు "పాకెట్ నైఫ్‌ని తెలుగులో ఏమనాలి?" అని అడిగితే మడతకత్తి, జేబుకత్తి అంటూ వరసగా జవాబులొచ్చాయి. నా ఓటు చాకుకే. సరిగ్గా ఆ వారమే నేనొక చాకు కొన్నాను. అందుకే ఇంత రాస్తున్నాను.

రెండింటి దగ్గర ఆగిపోయాను. రెండూ స్విట్జర్లాండ్ విక్టోరినాక్స్ వాళ్లవే: ఒకటి స్పార్టన్, ఇంకోటి టింకర్. మడిస్తే రెండూ 91 మిల్లీమీటర్లే. పెద్ద అలుగు ఒకటి, చిన్నది ఒకటి, డబ్బా మూత కోసేది, సీసా మూత తీసేది, తోలుకు బెజ్జం పెట్టే మొన, అన్నీ సమానం. (బ్లేడు అంటే నాకు గడ్డం గీసుకునేదే గుర్తొస్తుంది, అందుకే అలుగు అన్నాను. చెరువు అలుగు వేరు.) పక్కపక్కన పెడితే కవలపిల్లలే. వెనక్కి తిప్పితే తేడా తెలుస్తుంది. స్పార్టన్ వీపున కార్క్‌స్క్రూ, టింకర్ వీపున స్టార్ స్క్రూడ్రైవర్.

అన్నయ్యకు ఫోన్ చేశాను. కార్క్‌స్క్రూ అంటే వాడికి అందలేదు. "బిరడాలో దింపి లాగే మెలిక తీగ" అన్నాను. "బిరడా ఉన్న సీసా మనింట్లో ఆఖరిసారి ఎప్పుడు చూశావురా?" అన్నాడు. నిజమే! 1897లో స్విస్ ఆఫీసర్ల కోసం చేసిన చాకులోనే ఆ మెలిక తీగ ఉంది. ద్రాక్షసారా సీసా రోజూ తెరిచే దేశంలో అది అవసరం. నాకు రోజూ ఎదురయ్యేది పిల్లల బొమ్మల స్క్రూ, ప్లగ్గు స్క్రూ. టింకర్ తీసుకున్నాను. బిరడా అన్న చక్కటి మాట ఆ ఒక్క ఫోన్‌లో మళ్లీ నా నోటికొచ్చింది.

ఇంటికొచ్చి చూస్తే, పిడి చివర గోరు పెట్టి లాగితే ఒక పక్క పళ్లు కుట్టుకునే పుల్ల, ఇంకో పక్క సన్నటి ట్వీజర్స్ వచ్చాయి. అమ్మ చేతిలోకి తీసుకుని "ఇది శ్రావణం కదూ" అంది. నాకు ఒళ్లు ఝల్లుమంది. తాతయ్య మొలతాడుకు ఇనప శ్రావణం వేలాడేది. తుమ్మముల్లు గుచ్చుకుంటే అరుగు మీద కూర్చుని, అరికాలు తొడ మీద పెట్టుకుని, దానితో నెమ్మదిగా లాగేవాడు. కంసాలి పనిలో ఇప్పటికీ ఆ మాట ఉంది. ట్వీజర్స్‌కి తెలుగు లేదని దయచేసి ఎవరూ అనకండి.

ఇక చాకు సంగతి. ఫార్సీ, ఉర్దూల్లోని చాకూయే మనకు చాకు అయింది. అరువు మాటే, కానీ మన నోట్లో పడి కత్తికి లేని గుణం తెచ్చుకుంది. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటాం, కత్తి మీద సాము అంటాం, కత్తులు నూరుకుంటున్నారంటాం. వీటిలో ఎక్కడా చాకు పెట్టలేం. కత్తి అనగానే పోరు, బెదిరింపు. అదే చురుకైన పిల్లాణ్ణి చూస్తే "చాకులాంటి కుర్రాడు" అంటాం. చిన్నది, చెప్పిన పని చటుక్కున చేసేది అని అందులో ఒక మురిపెం ఉంది. పెన్సిల్ చెక్కేది, మామిడికాయ కోసి ఉప్పూకారం అద్దుకునేది చాకుతో. జేబులో పెట్టుకుని తిరిగే వస్తువుకు అలాంటి పేరే నప్పుతుంది.

కింద కామెంట్లలో ఒకరు "మడతకత్తి అంటే తప్పా అండీ?" అని అడిగారు. తప్పేం కాదండీ. కానీ మంగలి కత్తి కూడా మడతపడేదే, దాన్ని మనం ఎప్పుడూ చాకు అనలేదు. అంటే మడతను బట్టి పేరు రాలేదన్నమాట. మరీ విడమరచాల్సి వస్తే జేబుచాకు అనండి, వినగానే అర్థమవుతుంది.

తాతయ్య శ్రావణం ఇప్పుడు లేదు. మీ ఇళ్లలో ఎవరి దగ్గరైనా ఉంటే ఫొటో పెట్టండి, మీ వైపు దాన్ని ఏమంటారో కూడా రాయండి.