బీఆర్క్ స్టూడియో కాంటూర్ మోడల్: బోర్డు మందం ఎంత, ఏ జిగురు?

కొండవాలు: బీఆర్క్ (ఆర్కిటెక్చర్ డిగ్రీ) రెండో ఏడాది స్టూడియో, అంటే డిజైన్ క్లాసు. సైటు నేల ఎత్తుపల్లాలు చూపే కాంటూర్ మోడల్‌ను బోర్డు పొరలతో చేయాలి. సైటు మొగల్రాజపురం కొండవాలు, 80×60 మీటర్లు, ఎత్తు తేడా 9 మీటర్లు. స్కేలు 1:200. సర్వేలో కాంటూర్లు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు) అర మీటరుకొకటి. ఎస్‌పీఏ (స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్) విజయవాడ, హైదరాబాద్ జేఎన్‌ఏఎఫ్‌ఏయూ ఆర్కిటెక్చర్ సీనియర్లు ఎవరైనా చెప్పండి.

స్కేలుపట్టీ: అర మీటరంటే 1:200లో 2.5 మి.మీ. ఆ మందం బోర్డు మామూలుగా దొరకదు. 3 మి.మీ. సన్‌బోర్డు (తేలికైన పీవీసీ ఫోమ్ బోర్డు) 0.6 మీటర్లకు సరిగ్గా సరిపోతుంది. కాంటూర్లు 0.6కి మళ్లీ గీయండి, 15 పొరలొస్తాయి. అర మీటరు గీతలకే 3 మి.మీ. బోర్డు వాడితే 18 పొరలై, 45 మి.మీ. ఉండాల్సిన కొండ 54కి లేస్తుంది. దాని మీద పెట్టే భవనం మాత్రం అసలు స్కేల్లోనే ఉంటుంది. జ్యూరీ (మోడల్ చూసి మార్కులు వేసేవాళ్లు) ఇట్టే పట్టేస్తారు.

కట్టర్‌బ్లేడు: ప్రింటు 100 శాతంలోనే తీయించండి. షాపువాళ్లు ‘ఫిట్ టు పేజ్’ పెడితే స్కేలు పోతుంది. షీట్లో 10 మీటర్ల గీత ఒకటి పెట్టి, అది 50 మి.మీ. ఉందో లేదో అక్కడే కొలవండి.

బోర్డు ఆదా కావాలంటే రెండు షీట్ల పద్ధతి. ఒకదాన్ని 1, 3, 5 కాంటూర్ల వెంట, రెండోదాన్ని 2, 4, 6 వెంట కోసి పట్టీలు ఒకటి విడిచి ఒకటి పేర్చాలి. ప్రతి పట్టీ కింది పట్టీ మీద ఒక కాంటూరు వెడల్పున కూర్చుంటుంది. లోపల డొల్ల కాబట్టి మిగిలిన ముక్కలతో కింద ఊతాలు పెట్టకపోతే మధ్యలో కుంగుతుంది.

కొండవాలు: ధన్యవాదాలండీ. సన్‌బోర్డు బదులు థర్మోకోల్ వాడొచ్చా?

స్కేలుపట్టీ: వాడొచ్చు, కానీ ఫెవిబాండ్, ఫెవిక్విక్, స్ప్రే పెయింటు తగిలితే కరిగిపోతుంది. ఫెవికాల్, పోస్టర్ కలర్లే వాడాలి. మౌంట్‌బోర్డు (దళసరి అట్ట)కైతే ఫెవికాల్ పల్చగా, కార్డుముక్కతో పరవండి. ఎక్కువైతే తడికి బోర్డు వంకరపోతుంది. రాత్రంతా పుస్తకాల బరువు పెట్టాలి.

పటం_రంగులు: బీప్లానింగ్ (పట్టణ ప్రణాళిక డిగ్రీ) వాళ్లకు ఒక మాట. 1:2000లో 1 మి.మీ. మౌంట్‌బోర్డు అంటే 2 మీటర్లు. బ్లాకులకు రంగులు మన మాస్టర్ ప్లాన్ల పద్ధతిలోనే వేయండి: నివాసం పసుపు, వాణిజ్యం నీలం, ఆసుపత్రుల వంటి ప్రజా సంస్థలు ఎరుపు. అమెరికా పుస్తకాల్లో వాణిజ్యానికి ఎరుపు ఉంటుంది, అది చూసి వేస్తే దుకాణాల వీధి ఆసుపత్రుల వీధిలా కనిపిస్తుంది.

కట్టర్‌బ్లేడు: భవనం వచ్చే చోట పొరలు అప్పుడే అంటించకండి, గుండుసూదులతో నిలపండి. ప్లింత్ లెవెల్ (భవనం గచ్చు ఎత్తు) మారితే తవ్వకం, మెరక మళ్లీ కోయాల్సి వస్తుంది.