వర్క్ అండ్ హాలిడే వీసా పిల్లలకు ఇంగ్లిష్ బ్యాచ్ పెట్టాలి, ఏమని చెప్పాలి?

పొగతోట మాస్టారు (నెల్లూరు):
వీఆర్‌సీ సెంటర్ దగ్గర చిన్న స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసు నడుపుతున్నాను. ఆస్ట్రేలియా వర్క్ అండ్ హాలిడే వీసా (462 అంటారు, అక్కడ తిరుగుతూ పనిచేసుకునేది) గురించి అడిగే పిల్లలు ఈమధ్య ఎక్కువయ్యారు. మన ఇండియావాళ్లకు ఏడాదికి 1,000 వీసాలు మాత్రమే, అదీ లాటరీలో. 18 నుంచి 30 ఏళ్లవాళ్లకే. వాళ్లకోసం ఒక బ్యాచ్ పెడదామని ఉంది. ‘గ్యారంటీ స్కోరు’ అని ఫ్లెక్సీ కట్టడం మాత్రం నాకు చేతకాదు. ఏం చెబితే వస్తారు?

కావలి కుర్రోడు (మెల్‌బోర్న్):
మాస్టారూ, ఆ వీసాకు ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లిష్ పరీక్షలో సగటు స్కోరు 4.5 చాలు. పరీక్ష పేరు చెబితే ఎవరూ రారు. అసలు టెన్షన్ ఇక్కడికొచ్చాక. ఒక యజమాని దగ్గర మామూలుగా 6 నెలలకు మించి చేయకూడదు, అంటే పని అడగడం మళ్లీ మళ్లీ ఉంటుంది. తోట సూపర్‌వైజర్ ఫోన్లో గబగబా మాట్లాడతాడు, మనకు సగం అర్థంకాదు. జీతం గంటకెంత, పేస్లిప్ ఇస్తారా అని మొహమాటం లేకుండా అడగడం నేర్పండి. ఫ్లెక్సీ మీద అదే రాయండి.

ఒంగోలు అక్క:
ఆ వీసా మీద అక్కడ 4 నెలల వరకు చదువుకోవచ్చు కదా. జపాన్, కొరియా పిల్లలు చాలామంది ముందు కొన్ని వారాలు ఇంగ్లిష్ కాలేజీలో చేరి, తర్వాతే పనికెళ్తారు. మనవాళ్లకు అక్కడి ఫీజులు భారం. ఇక్కడే నేర్చుకుంటే ఎంత మిగులుతుందో తల్లిదండ్రులకు చెప్పండి, డబ్బు కట్టేది వాళ్లేగా!

పొగతోట మాస్టారు:
ఫోన్ ఐడియా బాగుంది తమ్ముడూ. ఖాళీగా ఉంటే ఆదివారం ఆ సూపర్‌వైజర్‌లా మా పిల్లలతో మాట్లాడతావా?