కథ మధ్యలో వచ్చే పాటలు వదిలేసి చదవచ్చా?

పటమట నాన్న:
అందరికీ నమస్కారం. విజయవాడ నుంచి రాస్తున్నా. మా అమ్మాయికి పదేళ్లు. రాత్రి అన్నాలయ్యాక ఓ అరగంట పుస్తకం పైకి చదవడం మా ఇంట్లో అలవాటు. స్కూళ్లు తెరిచినప్పటి నుంచి టోల్కీన్ రాసిన లార్డ్ ఆఫ్ ద రింగ్స్ నడుస్తోంది. లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపుల్లో మూడు భాగాలూ ఒకే కట్టగా దొరికాయి. ఇంగ్లీషులో ఓ పేరా చదువుతా, తర్వాత అదే తెలుగులో చెప్తా. కథ వరకూ బ్రహ్మాండంగా పోతోంది, చిక్కంతా పాటలతోనే.

ఈ పుస్తకంలో స్నానం చేస్తూ పాడతారు, నడుస్తూ పాడతారు, పోయినవాళ్లని తలుచుకుని పాడతారు. మొదట్లో "ఇక్కడ వాళ్లు ఓ పాట పాడారమ్మా" అని చెప్పి పేజీ తిప్పేసేవాణ్ణి, కథ ఆగకూడదని. మొన్న శనివారం రాత్రి అది నా భుజం మీదుగా పేజీలోకి తొంగి చూసి, పక్కకి జరిపి అచ్చేసిన లైన్ల మీద వేలు పెట్టింది. "నాన్నా, ఇలా ఉన్నవన్నీ నువ్వు వదిలేస్తున్నావు కదా?" అంది. అవునన్నాను. "పాట అన్నావుగా, మరి పాడవేంటి?" అంది. నా దగ్గర జవాబు లేదు.

ఇప్పుడు మొదటి భాగం అయిపోయింది, సోమవారం రెండోది మొదలుపెట్టాలి. వీటిని చదవాలా, చదివితే ఎలా చదవాలి, తెలుగులో ఎలా చెప్పాలి? భావం చెప్తుంటే పాట చచ్చిపోతోంది. ఇంగ్లీషులో వట్టిగా చదివితే దానికి అర్థం కావట్లేదు. ఈ పుస్తకం బాగా చదివినవాళ్లు ఎవరైనా చెప్పండి.

కృష్ణలంక రీడర్:
అన్నీ చదవాలని రూలేం లేదండీ. నేను డిగ్రీలో మొదటిసారి చదివినప్పుడు పాటలన్నీ వదిలేశాను, అయినా పుస్తకం నన్ను వదల్లేదు. మూడోసారి చదివేటప్పుడు వాటంతట అవే పిలిచాయి. పదేళ్ల పిల్లకి నిద్రొచ్చే టైములో ఎయరెండిల్ మీద బిల్బో అనే ముసలి హాబిట్ (ఈ కథలో పొట్టి మనుషుల జాతి) చెప్పే అంత పొడుగు పాట చదివితే పడుకుంటుంది, అందులో తప్పు లేదు.

కానీ ఆ పాట చుట్టూ ఉన్న కథ మాత్రం చెప్పండి. ఎయరెండిల్ ఎవరో కాదు, బిల్బోకి ఆశ్రయమిచ్చిన ఎల్‌రాండ్ కన్నతండ్రి. బిల్బో వాళ్లింట్లోనే కూర్చుని, వాళ్ల నాన్న గురించి కట్టిన పాట వాళ్లకే వినిపిస్తాడు. అంత ధైర్యం నీకుంటే నీ ఇష్టం అని ఆరగార్న్ అనే వీరుడు ముందే అనేశాడట. ఆ సంగతి తెలిస్తే పిల్లలకి నవ్వూ వస్తుంది, పాట మీద కుతూహలమూ పుడుతుంది.

బ్రాడీపేట మాస్టారు:
గుంటూరు నుంచి. తెలుగు చెప్పి రిటైరయ్యాను. కథ మధ్యలో పద్యం వస్తే ఆగిపోవాల్సింది మనం కాదు. పదకొండో శతాబ్దంలో నన్నయ గారు భారతం మొదలుపెట్టిందే గద్యం, పద్యం కలిపి చంపువుగా. వెయ్యేళ్లుగా మన చెవికి ఈ నడక తెలుసు.

ఇంకో దగ్గర చుట్టరికం కూడా ఉంది, నాకు ఈ పుస్తకం మీద ప్రేమ పుట్టింది అక్కడే. టోల్కీన్ ఆక్స్‌ఫర్డ్‌లో 1925 నుంచి 1945 దాకా ఆంగ్లో-శాక్సన్ ప్రొఫెసరు. ఆ పాత ఇంగ్లీషు కవిత్వానికి అంత్యప్రాస ముఖ్యం కాదు. పాదం మధ్యలో చిన్న విరుపు ఉంటుంది. ముందు సగంలో రెండు ఊనికలు, వెనక సగంలో రెండు. వెనక సగంలో మొదటి ఊనిక ఏ హల్లుతో పడుతుందో, ముందు సగంలో కనీసం ఒకటి ఆ హల్లుతోనే పడాలి. దీన్ని మనం ఏమంటాం? యతి! పాదం మొదటి అక్షరానికి మధ్యలో దాని జోడు అక్షరం వచ్చి కలవడం. వాళ్లకి అచ్చులన్నీ ఒకదానితో ఒకటి చెల్లుతాయి, మనకి అచ్చుల్లో మళ్లీ జట్లున్నాయి, అంతే తేడా. మన రెండో అక్షరం ప్రాస వాళ్లకి లేదు.

టోల్కీన్ రోహన్ గుర్రపు వీరుల పాటలు కొన్నిటిని ఆ పాత ఛందస్సులోనే రాశాడు. రెండో భాగంలో ట్రీబియర్డ్ అనే చెట్టు మనిషి ప్రాణుల జాబితా ఒకటి అప్పజెప్తాడు, అదీ ఆ కొలతే. మరుగుజ్జుల పాదంలో మూడు డ-కారాలు దెబ్బ మీద దెబ్బగా పడతాయి, మీ అమ్మాయిని వేలితో చాప మీద కొట్టమనండి. ఆ జాబితాలో హాబిట్లకి లైనే ఉండదు! మా గురించి ఒక లైను కలపండి అని అక్కడున్న హాబిట్ కుర్రాళ్లు అడుగుతారు. పిల్లలకి అది ఎంత నచ్చుతుందో చూడండి.

తెలుగులో చెప్పడానికి నా సలహా ద్విపద. గణాలు చిన్నవి, నోట్లో ఆడతాయి, రెండు పాదాల్లో పని అయిపోతుంది. రోహన్ వాళ్ల కోసం ఇప్పుడే ఒకటి కట్టాను. ఇది పుస్తకంలో పాటకి అనువాదం కాదు, ఆ ఊపు చూపించడానికి మాత్రమే. పాదాల మధ్య సంధి కూడా చెయ్యలేదు:

గుర్రాల డెక్కలు గుండెల మోగె
ఎర్రని పొద్దులో ఏరు దాటంగ

గు-కి గుం, ఎ-కి ఏ. రెండో అక్షరం రెండు చోట్లా ర్ర. పైకి నాలుగుసార్లు అనండి, డెక్కల చప్పుడు వినిపిస్తుంది.

మా పల్నాడులో వీరగాథ నడిచిందీ ద్విపదలోనే. కారంపూడి వీరుల గుడి దగ్గర కార్తీక మాసం ఉత్సవాల్లో చిన్నప్పుడు మా నాన్న భుజాల మీద కూర్చుని విన్నాను. మనకి ముందే తెలిసిన చావులే, అయినా పేరు వచ్చినప్పుడల్లా జనం కళ్లు తుడుచుకునేవారు. మూడో భాగంలో ఒక పెద్ద యుద్ధం అయ్యాక రోహన్ కవి కట్టిన పాట ఒకటి పడిపోయినవాళ్లని పేరుపేరునా పిలుస్తుంది. ఎవరి పేర్లో చెప్పను. అది చదివిన ప్రతిసారీ నాకు కారంపూడే గుర్తొస్తుంది.

తెనాలి హార్మోనియం:
మాస్టారు ఛందస్సు చెప్పారు కాబట్టి నేను గొంతు గురించి చెప్తాను. మా తాతగారు పద్యనాటకాల్లో వేషాలు వేసేవారు. కురుక్షేత్రంలో ఏం జరుగుతుందో జనానికి తెలియకనా తెల్లవార్లూ కూర్చునేది? పద్యం కోసం కూర్చునేవారు. రాగం సాగదీస్తే ఇంకా కావాలని వన్స్‌మోర్ కొట్టేవారు. కథ ఆగిపోయిందని ఎవరూ విసుక్కోలేదు.

తాతగారు ఒక మాట చెప్పేవారు. వచనంలోంచి ఒక్కసారిగా పద్యంలోకి దూకకూడదు, హార్మోనియం శ్రుతి ఇచ్చేదాకా ఆగాలి, ఆ ఆగడంలో ఎదుటి పాత్ర మొహం చూడాలి. మీరూ అంతే చెయ్యండి. పాట దగ్గరికి రాగానే పుస్తకం కాస్త దించి, ఎవరు పాడుతున్నారు, ఎవరి కోసం, ఎక్కడ కూర్చుని, ఇది ఒక్క ముక్కలో చెప్పి అప్పుడు ఎత్తుకోండి. రాగం ఏదైనా పర్లేదు. టోల్కీన్ కూడా 1952లో టేప్ రికార్డర్ ముందు కూర్చుని శామ్ అనే హాబిట్ చెప్పే ట్రోల్ (రాక్షసుడి) పాటని ఒక పాత జానపద బాణీలో పాడేశాడు. ఆ రికార్డింగు దొరుకుతుంది, మీ అమ్మాయికి వినిపించండి.

ఇంకొకటి, మూడో భాగంలో ఒక చోట దిక్కు తోచక మెట్ల మీద కూర్చున్నవాడు సన్నగా ఒక పాట పాడతాడు, ఆ పాట వల్లే కథ ముందుకి కదులుతుంది. అక్కడ గనక పేజీ తిప్పేశారా, తర్వాత జరిగేది అతకదు. ఇంతకంటే చెప్పను.

కృష్ణలంక రీడర్:
తెనాలి గారూ, ఒప్పుకుంటున్నా. నేను వదిలెయ్యమన్నది పొడుగ్గా ఉండి, ఎవరో మనకి తెలియని పాత రాజుల గురించి వచ్చేవాటిని. కానీ ఒకటి మాత్రం వెనక్కెళ్లయినా చదవండి, అది దారి పాట. బిల్బో ఇల్లు వదిలి వెళ్లేటప్పుడు పాడతాడు. కొన్ని పేజీల తర్వాత కథానాయకుడు ఫ్రోడో అదే పాట అంటాడు, ఒకే ఒక్క మాట తేడా. బిల్బోకి ఉరకలేసే పాదాలు, ఫ్రోడోకి అలిసిన పాదాలు. అంటే ప్రయాణం ఇంకా సరిగ్గా మొదలవ్వకముందే వాడికి బరువు తెలిసిపోయింది. ముసలితనంలో బిల్బో మూడోసారి ఇంకోలా పాడతాడు. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూసుకున్న రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

పటమట నాన్న:
అందరికీ చాలా చాలా థ్యాంక్స్. నిన్న రాత్రి ఏం జరిగిందో చెప్పాలి.

రెండో భాగం మొదటి అధ్యాయం. ప్రయాణంలో తోడుగా వచ్చిన బొరొమిర్ చనిపోయాడు, పడవలో పడుకోబెట్టి నదిలోకి వదిలారు. తెనాలి గారు చెప్పినట్టే పుస్తకం దించి, "ఇప్పుడు మిగిలిన ముగ్గురిలో ఇద్దరు వాడి కోసం పాడతారు" అని చెప్పి ఆగాను. తర్వాత గాలులని పిలిచే పాట ఎత్తుకున్నా. నాకొచ్చింది మా అమ్మమ్మ వడ్లు దంచేటప్పుడు పాడే బాణీ ఒక్కటే, దాంట్లోనే లాగాను. ఆరగార్న్ పడమటి గాలిని అడుగుతాడు, లెగొలాస్ దక్షిణపు గాలిని, మళ్లీ ఆరగార్న్ ఉత్తరపు గాలిని. ఒక్కో చరణానికీ తెలుగులో రెండేసి ముక్కలు చెప్పాను. పిల్ల కదల్లేదు. మా ఆవిడ వంటింట్లో గిన్నెల చప్పుడు ఆపి గుమ్మంలో వచ్చి నిలబడింది.

పాట అయిపోయింది. నేను కింది పేరాలోకి వెళ్లేలోపే అమ్మాయి వేళ్లు మడిచి లెక్కపెట్టుకుని, "మరి తూర్పు గాలిని ఎవరూ అడగలేదేంటి నాన్నా?" అంది.

నాకు ఒళ్లు జలదరించింది. ఎందుకంటే ఆ కిందే, పాడకుండా ఉన్న మూడోవాడు గిమ్లీ అంటాడు, తూర్పు గాలిని నాకు వదిలేశారు, దాని గురించి నేను ఏమీ మాట్లాడను అని. శత్రువు దేశం మోర్డార్ ఉన్న దిక్కు కదా. ఆ లైను అమ్మాయికి చూపించాను. తనే కూడబలుక్కుని రెండుసార్లు చదువుకుంది.

ఇంకో మూడు అధ్యాయాలకి ట్రీబియర్డ్ వస్తాడు. హాబిట్ల లైను తెలుగులో మేమిద్దరం కలిసి కడతాం అంటోంది, నోటు బుక్కు కూడా తీసి పెట్టుకుంది. మాస్టారూ, ఆదివారానికి ఇక్కడ పెడతాను, యతి కుదిరిందో లేదో మీరే చూడాలి.