అమ్మతో దోహా ట్రిప్: రూమ్ సూక్ వాకిఫ్ దగ్గరా, వెస్ట్ బేలోనా?

అందరికీ నమస్తే అండి, నవంబర్‌లో అమ్మని తీసుకుని హైదరాబాద్ నుంచి దోహా వస్తున్నా, అక్కడ ఉండే మనవాళ్ళెవరైనా కాస్త చెప్పండి ప్లీజ్. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, ఎక్కువ దూరం నడవలేదు, కానీ బజారంటే ప్రాణం. నాకైతే రాత్రిపూట సముద్రం ఒడ్డునున్న కార్నిష్ రోడ్డు మీద కూర్చుని ఎదురుగా వెస్ట్ బే టవర్ల లైట్లు చూస్తే చాలు, ఆవిడకి మాత్రం అక్కడి పాత బజారు సూక్ వాకిఫ్‌లో మసాలాలు, ఎండు నిమ్మకాయలు బస్తాలు విప్పి అమ్మే సందులు, కళ్ళకి ముసుగేసి డేగల్ని వరసగా కూర్చోబెట్టే కొట్లు తీరిగ్గా చూపించాలని నా కోరిక.

మెట్రోలో సూక్ వాకిఫ్ స్టేషన్ గోల్డ్ లైన్ మీద, వెస్ట్ బే రెడ్ లైన్ మీద ఉన్నాయి కదా, ముషైరిబ్‌లో ట్రైన్ మారేటప్పుడు పెద్దవాళ్ళకి నడక ఎక్కువవుతుందా, లేక టాక్సీయే నయమా? మధ్యాహ్నం కొట్లు మూసేస్తారు, శుక్రవారం పొద్దున కూడా అంతే అంటున్నారు, అందుకే ఆ టైమ్‌లో 2008లో తెరిచిన ఇస్లామిక్ ఆర్ట్ మ్యూజియం పెట్టుకుందామనుకుంటున్నా, శుక్రవారం అది ఎన్నింటికి తీస్తారు, లోపల వీల్‌చైర్ ఇస్తారా? సూక్ పక్కనే రూమ్ తీసుకుంటే రాత్రి గోల ఉంటుందేమో అని కూడా ఆలోచన. అన్నట్టు కుంకుమపువ్వు అసలుదో కాదో చూసి కొనడం తెలిసినవాళ్ళు అదీ చెప్పండి. టికెట్లు అయిపోయాయి, రూమ్ ఒక్కటే ఈ వారంలో బుక్ చేయాలి.